పట్టా వెంట నడిచిన సొమ్ము

తెలుగు నేల మీద సర్కారు సొమ్ము సేద్యానికి చేరిన పాత దారి తకావీ. అది అప్పు. విత్తనాలకో, ఎడ్లకో, బావి తవ్వకానికో ప్రభుత్వం ముందుగా కొంత ఇచ్చి, పంట ఇంటికొచ్చాక శిస్తు వసూలు చేసినట్టే దాన్నీ వసూలు చేసుకునేది. మొగలుల కాలం నుంచీ ఉన్న ఈ పద్ధతిని తర్వాతి ప్రభుత్వాలూ వదులుకోలేదు. శిస్తు మీద నడిచే సర్కారుకు పొలం బీడు పడితే ఖజానాకే గండి. అందువల్ల తకావీలో దయ కొంత ఉంటే, లెక్క అంతకంటే ఎక్కువే ఉంది.

దానికి చట్టం రూపం రావడానికి ఒక మహా కరువు కావలసి వచ్చింది. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. పశువులు చచ్చాయి, విత్తనానికి దాచిన గింజలు తిండికి అయిపోయాయి. అలాంటి చోట వానలు పడినంత మాత్రాన సేద్యం మొదలవదు. ఆ కరువు మీద వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసుల వెంట 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చాయి. మొదటిది బావులు, గట్ల వంటి కలకాలం నిలిచే పనులకు. రెండోది విత్తనాలు, పశువుల వంటి ఏటేటి అవసరాలకు.

చట్టం బాగానే ఉంది, నడక మాత్రం నత్తనడక. రైతు అర్జీ తహసీల్దారు కచేరీకి వెళ్లాలి. అక్కడి నుంచి కాగితం మళ్లీ ఊరికే దిగివస్తుంది. భూమి ఎవరి పేర ఉంది, శిస్తు ఎంత, పాత బకాయి ఏమైనా ఉందా అన్నది కరణం తన లెక్కల్లో చూసి రాయాలి. మునసబు మాట కావాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పొలం చూసి పోవాలి. ఇంత తతంగం ముగిసి సొమ్ము మంజూరయ్యేసరికి అదను దాటిపోయేది. తీర్చేటప్పుడు మాత్రం ఆలస్యం కుదరదు; తకావీ బాకీని శిస్తు బకాయి లాగే జప్తు చేసి రాబట్టే అధికారం సర్కారుకు ఉంది. ఊళ్లో షావుకారు వడ్డీ ఎక్కువ పుచ్చుకున్నా అడిగిన పూటే ఇచ్చేవాడు, గడువు దాటితే తిరగరాసేవాడు. రైతు షావుకారు గడప ఎందుకు తొక్కాడన్నది పెద్ద రహస్యమేమీ కాదు.

తర్వాతి నూట నలభై ఏళ్లకు మూసగా నిలిచిన సంగతి ఒకటి ఈ తతంగంలోనే ఉంది. మద్రాసు రాజధానిలో బ్రిటిష్ అధికారి మన్రో నిలబెట్టిన రైత్వారీ పద్ధతిలో రైతు అంటే శిస్తు కట్టే పట్టాదారు. పొలం దున్నేది పాలేరు కావచ్చు, పాలికాపు కావచ్చు, కౌలుదారు కావచ్చు. కరణం లెక్కలో పేరున్నవాడే సర్కారుకు తెలుసు. నలుగురు కలిసి ఉమ్మడి జామీను మీద తకావీ తీసుకునే వీలు చట్టంలో ఉన్నా, పూచీగా చూపడానికి భూమిని మించినది లేదు. భూమి చూపాలంటే పట్టా కావాలి.

తకావీ చాలదని సర్కారుకూ తెలుసు. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే సివిలియన్‌ను యూరపులో రైతు బ్యాంకులు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మంది. 1895, 1897 సంవత్సరాల్లో వెలువడిన ఆయన నివేదిక జర్మనీలోని గ్రామ పరపతి సంఘాలను మెచ్చుకుంది. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టానికి పునాది అదే. అయినా అర్ధ శతాబ్దం గడిచాక, 1951-52లో రిజర్వు బ్యాంకు గ్రామీణ పరపతి మీద దేశమంతటా సర్వే చేయిస్తే తేలిన లెక్క నిరాశ కలిగించేదే. రైతు చేసిన ప్రతి 100 రూపాయల అప్పులో ప్రభుత్వానిది 3 రూపాయల 30 పైసలు, సహకార సంఘాలది 3 రూపాయల 10 పైసలు. దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులవే.

హైదరాబాద్ రాజ్యంలో భూమి తగాదా మరింత పదునెక్కింది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే, 1950లో అక్కడ కౌలు, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి సాగు చేస్తున్నవారిని రక్షిత కౌలుదారులుగా రికార్డుకెక్కించి, కొందరికి యాజమాన్య హక్కు కూడా ఇచ్చిన చట్టం అది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వేరే కౌలు చట్టం వచ్చింది. మేలు జరిగినవారికి జరిగింది. కానీ కౌలుదారు పేరు కాగితం మీద పడితే భూమి చేజారుతుందన్న భయం భూస్వాముల్లో అప్పుడే పాతుకుంది. అప్పటి నుంచి కౌలు నోటిమాటగా మారింది. ఏటా మనిషిని మార్చడం, లేదా మనిషి అతనే అయినా చేను మార్చడం రివాజయింది. ఈ భయం నేటికీ పోలేదు. సర్కారు సొమ్ము చరిత్రలో సగం దీనితోనే ముడిపడి ఉంది.

1960-61లో దేశం మొత్తం మీద ఏడు జిల్లాలను ఎంచుకుని మొదలుపెట్టిన సాంద్ర వ్యవసాయ జిల్లా పథకంలో పశ్చిమ గోదావరి ఒకటి. ప్యాకేజీ పథకమని దానికి వాడుక పేరు. మేలురకం విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు, సలహా అన్నీ ఒకేసారి ఒకే రైతుకు అందించాలన్నది దాని సూత్రం. 1960ల చివర ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వరి పండించి పేరు తెచ్చుకున్నది ఈ జిల్లాలోనే. పంట పెరిగింది, నిజమే. అయితే ప్యాకేజీ జిల్లాల్లో కౌలు పరిస్థితులను ప్రణాళికా సంఘం కోసం పరిశీలించిన భూసంస్కరణల నిపుణుడు వుల్ఫ్ లెడజిన్‌స్కీ ఇంకో సంగతి చెప్పాడు. రికార్డుల్లో లేని కౌలుదారులకు ఆ పథకం సరిగా అందదని ఆయన హెచ్చరించాడు. సహకార సంఘం భూమి చూసి అప్పిస్తుంది. అప్పు లేనిదే ఎరువు రాదు. ఎరువు లేనిదే కొత్త వంగడం పండదు. ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఎందుకు ఎంపికైందో ఆ జిల్లా కాలువలు చూస్తే తెలుస్తుంది. అంత నీరున్న చోట కౌలు సేద్యం ఎక్కువగా ఉండడంలో వింత లేదు.

1970ల నుంచి సర్కారు సొమ్ము తీరు మారింది. రైతు చేతికి నేరుగా ఇవ్వడం తగ్గి, రైతు కొనే వస్తువు ధరలో కలిసిపోవడం మొదలైంది. 1977 నవంబరులో వచ్చిన నిలుపుదల ధర పథకం కింద యూరియా తయారీకి అయ్యే ఖర్చుకూ రైతుకు అమ్మే ధరకూ మధ్య తేడాను కేంద్రం ఫ్యాక్టరీకి కట్టేది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై అదుపు ఎత్తేశారు, యూరియా మీద మాత్రం చెయ్యి వేయలేదు. యూరియా ఒక్కటే చవగ్గా దొరకడంతో చేలల్లో దాని వాడకం హద్దు మీరింది. ఇదే కాలంలో కరెంటు కూడా సబ్సిడీ సరుకైంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికి ఇంతని నామమాత్రపు చార్జీ పెట్టింది. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల పెంపుపై ఆందోళన హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్లింది. 2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటల సరఫరా అయింది.

ధరలో దాగిన ఈ సబ్సిడీలను ఆర్థికవేత్తలు చాలా తిట్టారు. బోర్లు ఎండిపోవడానికీ, నేల పాడవడానికీ, కరెంటు పంపిణీ చేసే డిస్కంలు దివాలా అంచుకు చేరడానికీ ఇవే కారణమన్నారు. ఆ మాటలో బలం ఉంది. కానీ వాటికి ఒక సుగుణం ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. యూరియా బస్తా కొనేవాడిని పట్టా చూపమని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. కొన్నవాడికే తగ్గింపు, కొన్నవాడు సాగు చేసేవాడే. కౌలుదారు పొలంలో మోటారు కనెక్షన్ యజమాని పేర ఉన్నా, నీళ్లు పారేది కౌలుదారు మడికే. యజమాని కౌలు పెంచి ఆ లాభంలో వాటా లాక్కోగలడు గానీ, మొత్తాన్ని జేబులో వేసుకోలేడు. సర్కారు సొమ్ము పట్టా అడగకుండా పొలానికి చేరిన కాలం ఏదైనా ఉందంటే ఇదే.

రుణమాఫీల దారి మళ్లీ పాతదే. 1990లో వి.పి.సింగ్ ప్రభుత్వం 10 వేల రూపాయల దాకా అప్పులు రద్దు చేసింది. 2008 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన మాఫీలో 2 హెక్టార్ల లోపు రైతులకు బకాయి మొత్తం, పెద్ద రైతులకు నాలుగో వంతు రాయితీ దక్కాయి. 2014లో రెండు రాష్ట్రాలుగా విడిపోయాక తెలంగాణ లక్ష దాకా, ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర దాకా విడతల వారీగా తీర్చడం మొదలుపెట్టాయి. తెలంగాణ 2024లో 2 లక్షల దాకా మరో మాఫీ చేసింది. వీటన్నిటిలో మాఫీ అయ్యేది బ్యాంకు బాకీయే. కౌలుదారు అప్పు ఎరువుల దుకాణంలో, కమీషన్ ఏజెంటు దగ్గర, చేబదులు కాగితం మీద ఉంటుంది. అదే చేను మీద పంట రుణం పట్టాదారు పేర తీసి ఉంటే, సేద్యం చేయనివాడి బాకీ రద్దయి, చేసినవాడి బాకీ మిగిలిపోయింది.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ లోపాన్ని కంటికి కనిపించేలా చేశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన రైతు సంక్షేమ కమిషన్, జయతీ ఘోష్ అధ్యక్షతన, కౌలుదారులను గుర్తించి సంస్థల రుణం అందేలా చూడాలని కోరింది. 2011లో సాగుదారుల గుర్తింపు చట్టం వచ్చి, కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. కార్డు తీసుకున్నంత మాత్రాన భూమి మీద హక్కు పుట్టదని అందులో స్పష్టంగా రాశారు. అయినా కార్డు పట్టుకుని బ్యాంకుకు పోయినవారిలో చాలామందికి ఒకటే జవాబు: ఆ సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకున్నాడు, ఒకే భూమికి రెండు రుణాలు ఇవ్వలేం. ఆ ఏడే కోనసీమ రైతులు గిట్టుబాటు లేదంటూ పంట విరామం ప్రకటించారు. అందులో యజమానులూ ఉన్నారు, కౌలుదారులూ ఉన్నారు.

నగదు నేరుగా చేతికివ్వడం పెద్ద ఎత్తున మొదలైంది తెలంగాణలో. దానికి ముందు రికార్డులు సరిచేయాలి కాబట్టి 2017 సెప్టెంబరు 15 నుంచి ఏడాది చివరి దాకా భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. రెవెన్యూ బృందాలు ఊరూరా తిరిగి పహాణీలు, 1-బి రిజిస్టర్లు సరిచూశాయి. తగాదా లేని భూములను ఎ భాగంలో, వివాదం ఉన్నవాటిని బి భాగంలో వేశారు. పాత నిజాం ఏలుబడిలో భూమి తెల్లకాగితం మీద చేతులు మారడం మామూలే. సాదా బైనామా అనే ఆ కాగితం తప్ప ఇంకేమీ లేని కొనుగోలుదారులు లక్షల్లో ఉన్నారు. పోడు భూములవారు, కోర్టు తగాదాలవారు, అన్నదమ్ముల మధ్య విడిపోని భూములవారు కూడా బి భాగం వైపు జారారు. అన్నిటికంటే పెద్ద మార్పు సద్దు లేకుండా జరిగింది. పహాణీలో భూమిని ఎవరు అనుభవిస్తున్నారో రాసే గడి ఉండేది. కౌలుదారు పేరు కనీసం అక్కడైనా కనిపించే వీలుండేది. కొత్త రికార్డుల్లో ఆ గడి పోయింది.

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర శాలపల్లి-ఇందిరానగర్‌లో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు రైతుబంధు ప్రారంభించారు. ఎకరానికి ఒక పంటకు 4 వేలు, ఏడాదికి వానాకాలం, యాసంగి కలిపి 8 వేలు. బడ్జెట్‌లో 12 వేల కోట్లు కేటాయించారు. పట్టాదారులు దాదాపు 58 లక్షల మంది. ఎకరాలకు పరిమితి లేదు. చేతికి కొత్త పాసుపుస్తకం, దానితో పాటే రైతు పేరు అచ్చువేసిన చెక్కు. వ్యవసాయశాఖ వారు, రెవెన్యూ వారు ఊళ్లో బల్లలు వేసుకుని కూర్చున్నారు. ఆధార్ చూపి సంతకమో వేలిముద్రో వేసినవారికి రెండూ అందాయి. పక్కనే పేరు తప్పు పడినవారి వరుస, ఎకరాలు తక్కువ పడినవారి వరుస. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఒక్క గుంట తేడా వస్తే సరిగ్గా వంద రూపాయలు తేడా. తరాల నుంచి పట్టించుకోని గుంట తగాదాలకు అప్పుడు ధర పలికింది. గట్టు జరిగినందుకు మాటామాటా అనుకుని ఊరుకున్నవారు, చెక్కులో ఆ గుంట పక్కవాడికి పోయిందని తెలియగానే తహసీల్దారు ఆఫీసుకు బయల్దేరారు. రికార్డు కొలత నేల మీది కొలతతో సరిపోదని ఊరందరికీ ఎప్పటి నుంచో తెలుసు. సర్కారుకు తెలియడానికి డబ్బు పంచవలసి వచ్చింది.

చెక్కుల పద్ధతి ఒక్క పంటతోనే పోయింది. ఆ ఏడు శాసనసభ ఎన్నికలు రావడంతో, యాసంగి సొమ్మును చెక్కులుగా పంచవద్దని, ఖాతాల్లో వేయాలని ఎన్నికల సంఘం చెప్పింది. అప్పటి నుంచి ఊళ్లో ‘పైసలు పడ్డయా?’ అన్న మాట ప్రతి పంటకూ వినిపిస్తుంది. ముందు ఎకరం లోపు వారికి, తర్వాత రెండెకరాల వారికి, ఆ తర్వాత మూడెకరాల వారికి రోజుల తేడాతో వేసేవారు. 2019 నుంచి ఎకరానికి పంటకు 5 వేలయింది. 2018 ఆగస్టులో 18 నుంచి 59 ఏళ్ల రైతులకు 5 లక్షల జీవిత బీమా కూడా తోడైంది. రైతు ఆ ఇంటికి పెద్ద దిక్కయితే ఆ సొమ్ము ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. ఆ బీమాకూ పాసుపుస్తకమే ఆధారం కాబట్టి, కౌలుకు చేస్తూ చనిపోయినవాడి కుటుంబానికి అది రాలేదు.

కౌలుదారులకు ఇవ్వలేమని ప్రభుత్వం దాచకుండానే చెప్పింది. కౌలు ఏటేటా మారుతుంది, ఎవరికి ఇవ్వాలో తేల్చలేం, రికార్డుకెక్కిస్తే యజమానులు భూమి బీడు పెడతారు అన్నవి దాని వాదనలు. మూడో మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1950 తర్వాత భూస్వాములు కౌలును నోటిమాటగా మార్చింది ఆ రికార్డు భయంతోనే. కానీ ఫలితం మాత్రం విడ్డూరంగా తయారైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పొలం మొహం చూడని పట్టాదారుకు యాభై ఎకరాలుంటే పంటకు రెండున్నర లక్షలు, ఆ యాభై ఎకరాలను పంచుకుని దున్నే కుటుంబాలకు ఏమీ లేదు. అమెరికాలో ఉన్నవారికి రైతుబంధు పడుతోందన్న విమర్శ, ప్లాట్లు చేసిన వెంచర్లకూ గుట్టలకూ డబ్బు పోయిందన్న విమర్శ 2023 ఎన్నికల దాకా నడిచాయి. అయినా దాని మేలు కాదనలేం. పట్టా ఉన్న చిన్న రైతుకు వానలు పడే ముందు చేతిలో నాలుగు డబ్బులు ఉండడం, విత్తనానికి షావుకారు దగ్గర చెయ్యి చాచకపోవడం తకావీ నాటి నుంచీ ఎవరూ సాధించని పని.

ఆ నమూనా త్వరగానే పాకింది. ఒడిశా 2018 డిసెంబరులో కాలియా పథకం తెచ్చి, పంచుబడి సేద్యగాళ్లనూ భూమి లేని కుటుంబాలనూ కూడా చేర్చింది. కేంద్రం 2019 ఫిబ్రవరి 1న పీఎం కిసాన్ ప్రకటించింది: ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో. ఆ రోజుకు భూమి రికార్డులో పేరుండడమే అర్హత. తర్వాత భూమి కొన్నవారికి రాదు, వారసత్వంగా వచ్చినవారికే వస్తుంది. అదే ఏడాది అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.జగన్‌మోహనరెడ్డి ప్రభుత్వం రైతు భరోసా మొదలుపెట్టింది. పీఎం కిసాన్ సొమ్ముతో కలిపి కుటుంబానికి 13,500. ఇక్కడ ఎకరం లెక్క లేదు, కుటుంబం లెక్క. అందువల్ల చిన్న రైతుకూ పెద్ద రైతుకూ సమానంగా దక్కింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు మొత్తం సొమ్ము రాష్ట్రమే ఇస్తుందని చేర్చడం తెలుగు నేల మీద కొత్త సంగతి. కానీ దానికి పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం ఆ పత్రం 11 నెలలే చెల్లుతుంది, దాని మీద యజమాని సంతకం పడాలి. 2011 చట్టంలో లేని ఈ సంతకం షరతు దగ్గరే పాత భయం మళ్లీ అడ్డం నిలిచింది.

2023 ఎన్నికల ముందు తెలంగాణ కాంగ్రెస్ తన హామీల్లో ఏడాదికి ఎకరానికి 15 వేలు రైతులకూ కౌలుదారులకూ, 12 వేలు కూలీ కుటుంబాలకూ ఇస్తానంది. 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతు భరోసా మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 6 వేలుగా నిర్ణయించి, సాగుకు పనికిరాని భూములను తీసేశారు. గుంట లెక్కన అది 150 రూపాయలయింది. భూమి లేని కూలీల కోసం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా వచ్చింది. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన కుటుంబం అర్హమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి దగ్గర అన్నదాత సుఖీభవ తొలి విడత విడుదలైంది. రాష్ట్రం 5 వేలు, కేంద్రం 2 వేలు. ఏడాదికి మొత్తం 20 వేలని చెప్పారు. తెలంగాణలో పట్టా ఉన్నవారికి ఒక పథకం, కూలీకి మరో పథకం ఏర్పడ్డాయి. రెండింటి మధ్య, పొలం తనది కాకుండా పెట్టుబడి మాత్రం తనదై దున్నుతున్న మనిషికి జనవరి జాబితాల్లో గడి లేదు.